ఐలయ్య తాత బిగించిన నట్టు

మా తాత ఐలయ్య పాలప్యాకెట్‌ను తలకిందులుగా పట్టుకుని, పిసికి చూసిన తర్వాతే ఇంట్లోకి రానిస్తాడు. కారే ప్యాకెట్ ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. "ఇయ్యాల దొరకలే, అంతే" అంటాడు. పుచ్చకాయను కొట్టి వినడం అందరూ చేసేదే. తాత పక్కింటివాళ్లు కొత్తగా కట్టిన గోడను కూడా కొట్టి వింటాడు. ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా భోజనానికి పిలిస్తే లిఫ్ట్ బటన్ నొక్కుతాడు, అది వచ్చి తలుపు తెరిచాక లోపలికి ఒకసారి తొంగి చూస్తాడు, ఆ తర్వాత మెట్లెక్కి వెళ్తాడు.

"ఎక్కనప్పుడు బటన్ ఎందుకు నొక్కినవ్ తాతా?"

"అది ఎట్లొస్తదో చూద్దామని."

నల్లగండ్లలో మాది రెండంతస్తుల ఇల్లు. చుట్టూ లేచిన టవర్ల మధ్య, పెళ్లి ఫొటోలో పెద్దవాళ్ల ముందు కూర్చోబెట్టిన పిల్లాడిలా ఉంటుంది. కింద మేము, పైన కిరాయికి లోహిత్. అతనిది కాకినాడ వైపు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రతి మాటకూ చివర "అండి" తగిలిస్తాడు. తాతకు అతని మీద పుట్టిన మొదటి అనుమానం అదే.

"గంత మర్యాద ఏందే? కడుపుల ఏదో పెట్టుకున్నడు."

"మర్యాదుంటే అనుమానం, లేకుంటే కోపం. నీతోని ఎట్ల ఏగాలయ్యా?" అంటుంది మా నాయనమ్మ కనకలక్ష్మి.

ఈ గుణం తాతకు పుట్టుకతో రాలేదు. బస్ డిపోలో వచ్చింది. అక్కడ ఆయన మెకానిక్. బస్సు గేటు దాటే ముందు చక్రాల నట్లు చూడటం ఆయన పని. రాత్రి డ్యూటీవాడు బిగించి పోయినా సరే, తాత పొద్దున వచ్చి వాటిని పూర్తిగా విప్పేవాడు. గుడ్డతో తుడిచి, లోపలి మరలు వెలుతురుకు పెట్టి చూసి, చుక్క నూనె వేసి, తన చేత్తో మళ్లీ బిగించేవాడు. "ఇప్పి చూడని నట్టు, ఇచారించని సంబంధం రెండూ ఒక్కటే" అనేవాడట. తోటివాళ్లు నవ్వుకునేవారు. కానీ తాత చేయి పడిన బస్సుకు దారిలో చక్రం ఊడిందని ఎవరూ అనలేకపోయారు.

అక్కడి నుంచి ఆ పేరు ఊళ్లోకి వచ్చింది. ట్రాక్టరైనా, బోరు మోటారైనా, పెళ్లి పందిరి ఇనుప కాళ్లయినా, బిగించాల్సింది ఏదుంటే దానికి తాతకే కబురు. "ఐలయ్య బిగించిన నట్టు ఊడది" అన్నది మా చుట్టాల్లో సామెత. కొట్టుకుంటూ తిట్టుకుంటూ కూడా విడిపోని మొగుడూ పెళ్లాలను చూసినా ఆ మాటే అంటారు. తాత రిటైరయ్యాడు. పొలాలు పోయి టవర్లు వచ్చాయి, ట్రాక్టర్లతో పని లేకుండా పోయింది. ఇప్పుడు ఆయన్ని నట్టు బిగించడానికి పిలిచేవాళ్లు లేరు. సామెత మాత్రం ఉంది. పెళ్లిళ్లలో ఎవరైనా ఆ మాట అంటే తాత విననట్టు తల తిప్పుకుంటాడు, మళ్లీ అంటారేమోనని చెవి మాత్రం ఇటే ఉంచుతాడు.

అటువంటి ఇంట్లోకి నేను లాంగ్‌బోర్డు తెచ్చాను.

లాంగ్‌బోర్డు అంటే నిలబడితే నా నడుము దాటే పొడవాటి చెక్క. కింద ముందొకటి వెనకొకటి ఇనుప ఇరుసులు, వాటికి నాలుగు చక్రాలు. ఆ ఇరుసులను ట్రక్కులంటారు. ఒక్కో ట్రక్కును నాలుగు బోల్టులు చెక్కకు పట్టి ఉంచుతాయి. మొత్తం ఎనిమిది. మనిషి ప్రాణం ఆ ఎనిమిదింటి మీదే నిలబడి జారుతూ పోతుంది. నేను మాదాపూర్‌లో ఒక ఆఫీసు కింద కాఫీ కౌంటర్‌లో పనిచేస్తాను. ఇంటర్ మధ్యలో ఆపేసినవాళ్లకు ఆ బిల్డింగ్‌లో దొరికే చోటు అదొక్కటే. రోజూ నా దగ్గర కాఫీ తాగే ఒకాయన పూణే వెళ్లిపోతూ ఈ బోర్డును వదిలించుకుంటే నేను తెచ్చుకున్నాను.

తాత దాన్ని వరండాలో బోర్లా వేసి చుట్టూ తిరిగాడు.

"ఏందిది? చక్రాల పీటనా?"

"లాంగ్‌బోర్డు తాతా."

"కూసునేదా, నిలబడేదా?"

"నిలబడేది."

"బిరేకు ఏడున్నది?"

"ఉండది. కాలితోనే ఆపాలె."

తాత నాయనమ్మ వైపు తిరిగాడు. "విన్నవానే? బిరేకు లేదంట. అమ్మినోడు పూణే ఎందుకు పారిపోయిండో ఇప్పుడు సమజైంది."

తిట్టాడు గానీ చేయి ఆగలేదు. బోల్టుల తలలు తుప్పుపట్టి, గోరు పెడితే ఎర్రగా రాలుతున్నాయి. రెండు నట్లు రెండు రకాలు. తాత ముఖంలో డిపో కనబడింది.

నిజానికి తుప్పు సంగతి ముందే రోహిణి మేడం చెప్పింది. మా వెనకాల పెద్ద గేటెడ్ అపార్ట్‌మెంట్ ఉంది. అక్కడ ఆదివారం పొద్దున పిల్లలకు స్కేటింగ్, లాంగ్‌బోర్డు క్లాసు నడిపేది ఆవిడే. నాకూ ఆవిడే నేర్పింది. ఈ మధ్య పిల్లలు ఎక్కువై, చిన్నవాళ్ల బ్యాచ్‌ను నాకు అప్పగిస్తానంది.

"నీ బ్యాలెన్స్ బాగుంది వర్షితా. పిల్లలు నీ మాట వింటారు. కానీ నీ బోర్డు ఇలా ఉంటే పేరెంట్స్ ఏమనుకుంటారు? క్లాస్ ముందు అందరి బోల్టులూ నేను చెక్ చేస్తా. టీచర్ బోర్డే లూజుగా ఉంటే నేనేం చెప్పాలి? కొత్త హార్డ్‌వేర్ వేయించు. కొన్ని వారాలు చూస్తా."

కౌంటర్‌లో నన్ను అందరూ "ఎక్స్‌క్యూజ్ మీ" అంటారు. క్లాసులో పిల్లలు "వర్షితక్కా" అంటారు. నాకు ఆ బ్యాచ్ కావాలి. ఇంట్లో ఆ మాటే చెప్పాను.

"అయితే బిగించేది నేనే" అన్నాడు తాత.

మర్నాడు శివశంకర్ దుకాణానికి వెళ్లాం. నల్లగండ్ల రోడ్డు మీద ఇనుప సామాను, పైపులు, రంగులు అమ్మే దుకాణం అది. తాత జేబులో పాత స్పీకర్ నుంచి పీకిన అయస్కాంతం ఉంటుంది. శివశంకర్ బోల్టులు గల్లా మీద పోయగానే తాత దాన్ని బయటికి తీశాడు.

"స్టెయిన్‌లెస్ అన్నవ్. అయస్కాంతం పట్టుకుంటున్నది."

"గవి వేరేయి తాతా, కలిసిపోయినయి."

"కలిసిపోయినయా, కలిపినవా?"

శివశంకర్ ఇంకో డబ్బా తీశాడు. వాటిని అయస్కాంతం పట్టించుకోలేదు. తాత మాత్రం శివశంకర్‌ను వదల్లేదు. బోల్టు తల ఎలా ఉండాలో గంటసేపు తేల్చాడు. నా చెక్కలో రంధ్రాల నోళ్లు గరాటులా వెడల్పుగా ఉన్నాయి. కాబట్టి తల లోపలికి దిగి చెక్కతో సమంగా కూర్చునే రకం కావాలి. పైకి తేలే గుండుతల అయితే కాలికి తగులుతుంది. తర్వాత పొడవు. చెక్క మందం, దానికీ ట్రక్కుకూ మధ్య అదురు తగ్గించే రబ్బరు పలక మందం, ట్రక్కు అడుగు మందం, అన్నీ కలిపి కొలిచాడు.

"నట్టు దాటి రెండు మూడు మరలు బయటికి కనబడాలె. కనబడకుంటే నట్టు సగమే పట్టుకుంటది. మరీ ఎక్కువ కనబడితే మోకాలు చీరుకపోతది. గిది పొట్టి, గిది పొడుగు. నడిమిది తియ్యి."

"నడిమిది తక్కువ పోతది తాతా, లోపలున్నది."

"లోపల ఎందుకు దాచినవ్?"

శివశంకర్ లోపలికి వెళ్లి తెచ్చాడు. వాటితోపాటు కొత్తరకం నట్లు ఇచ్చాడు. ఇనుప నట్టే, కానీ పైకొసన లోపల తెల్లటి నైలాన్ ఉంగరం ఉంటుంది. బోల్టు ఆ ఉంగరాన్ని కోసుకుంటూ దూరి బిగుసుకుంటుంది, అదురుకు వదలదు.

"మంచిగ బిగించి ఇగ మర్చిపో తాతా. చెయ్యి పెట్టే పని లేదు" అన్నాడు శివశంకర్.

తాత నా మోచేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. "విన్నవా? చెయ్యి పెట్టొద్దంట. చెయ్యి పెట్టొద్దన్నడంటే అండ్ల ఏదో ఉన్నది."

బిగించడం మాత్రం ముచ్చటగా బిగించాడు. ఒకదాని పక్కన ఇంకొకటి కాకుండా, ఎదురు మూలలు చూసుకుంటూ కొంచెం కొంచెంగా బిగిస్తూ పోయాడు. బోల్టు తల చెక్కతో సమానం కాగానే ఆపాడు. "చెక్కకు నొప్పి పెట్టొద్దు. ఎక్కువ బిగిస్తే పగుల్తది" అన్నాడు. తర్వాత బోర్డును చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు. నాయనమ్మ దిక్కు చూశాడు. ఆమె టీవీ దిక్కు చూస్తోంది.

మొదటి ఆదివారం రోహిణి మేడం తన చిన్న పానాతో నా నట్లు చూసింది. "పర్ఫెక్ట్. ఎవరు చేశారు?"

"మా తాత" అన్నాను. ఆ ముక్క ఇంటికొచ్చి చెబితే తాత ఆ రోజు పాలప్యాకెట్‌ను పిసకడం మర్చిపోయాడు.

ఆ తర్వాతి వారం కూడా బాగానే గడిచింది. మూడోసారి మాత్రం, వాలు రోడ్డు మీద పిల్లలకు మలుపు ఎలా తీసుకోవాలో చూపిస్తుంటే, కాళ్ల కింద కటకటమని మొదలైంది. ఆపి దిగేలోపు ముందు ట్రక్కు పక్కకు ఊగింది. నేను గడ్డిలో పడ్డాను. ఒక నట్టు రోడ్డు మీద దొర్లుకుంటూ పోయి, అంచున నిలబడ్డ తల్లిదండ్రుల కాళ్ల దగ్గర ఆగింది. ఒకాయన దాన్ని వేళ్లతో ఎత్తి అందరికీ చూపించాడు. మిగతావి పట్టుకుని చూస్తే మూడు చేతికే తిరుగుతున్నాయి.

రోహిణి మేడం నన్ను పక్కకు తీసుకెళ్లింది. "దెబ్బ తగల్లేదుగా? చూడు వర్షితా, నువ్వు పడితే లేస్తావు. నిన్ను చూసి ఆ పిల్లలు పడితే? వచ్చే ఆదివారం వరకు టైమిస్తా. మళ్లీ ఇలాగే ఉంటే బ్యాచ్ ఇంకొకరికి ఇస్తా. ఏమనుకోకు. మీ తాతగారు పెద్దాయన, ఈసారి షాపులో చేయించు."

ఇంటికి వచ్చి అంతా చెప్పాను, చివరి ముక్క కూడా. చెప్పకుండా ఉండాల్సింది. తాత మోచేతి గీరుడు చూశాడు, పసుపు పెట్టమని నాయనమ్మకు చెప్పాడు. ఆ తర్వాత ఆ నట్టును అరచేతిలో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"నేను బిగించిన నట్టు ఊడది" అన్నాడు.

"ఊడింది కదా తాతా."

"ఊడలే. ఎవరో ఇప్పిన్రు."

మొదట శివశంకర్ మీద పడ్డాడు. నేనూ వెంట వెళ్లాను, తాతను కొట్టకుండా చూద్దామని కాదు, తాత కొట్టకుండా చూద్దామని.

"నీ నట్టు మోసం!"

శివశంకర్ నట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. "తాతా, గీ డబ్బాలయి ఎంతమందికి ఇచ్చిన్నో లెక్కలేదు. ఒక్కడు తిరిగి రాలే. నట్టుకు కాళ్లున్నయా, దానంతల అది దిగిపోనీకె? మీ ఇంట్ల ఎవరన్న ఇప్పుతున్నరేమో చూస్కో."

ఇంటి గేటు దగ్గరకు వచ్చాక తాత ఆగి, పైన లోహిత్ కిటికీ వైపు చూశాడు.

"శనివారం సాయంత్రం నేను చూసిన్న, మంచిగనే ఉన్నయి. ఆదివారం ఊడినయి. నడుమల మెట్ల కాడికెంచి పోయినోడెవడు?"

బోర్డు ఉండేది మెట్ల కింద. లోహిత్ ఆదివారం తెల్లారక ముందే పరుగుకు పోతాడు. ఒకసారి దాన్ని చూసి, "ఇదెలా నడుస్తుందండి?" అని అడిగాడు కూడా. పైగా కుర్చీలూ బల్లలూ తనే బిగించుకున్నాడు కాబట్టి అతని దగ్గర పానాల పెట్టె ఉంది. తాతకు ఇంకేం కావాలి?

"లోహిత్‌కు ఏం లాభం తాతా?"

"లాభం ఏందో తెల్వకనే కదా అనుమానం!"

ఆ సాయంత్రం లోహిత్ ఆఫీసు నుంచి రాగానే తాత అడ్డం నిలబడ్డాడు. "ఏం బాబూ, మీ తాన పానాలున్నయంట?"

"ఉన్నాయండి. కావాలాండి?"

"నాకెందుకు? నాకున్నయి. ఇగ నుంచి మీరు మెట్లు దిగేముందు జర ఒక కేకెయ్యాలె."

"కేకాండి? ఎందుకండి?"

"మా ఇంట్ల గట్లనే."

పాపం, ఆ అబ్బాయి మర్నాటి నుంచి ల్యాప్‌టాప్ బ్యాగు వీపుకు తగిలించుకుని, మెట్ల పైన నిలబడి, "దిగుతున్నానండీ!" అని అరిచి మరీ దిగడం మొదలుపెట్టాడు. వీధిలో కూరగాయల బండి అతను కూడా ఆగి పైకి చూసేవాడు. నాకు నవ్వొచ్చింది గానీ, మనసులో చిన్న ముల్లు కూడా పడింది. నిజంగానే ఎవరైనా విప్పుతున్నారా? లోహిత్ కాకపోతే ఎవరు? నాయనమ్మకు నేను కింద పడటం ఇష్టం లేదు. "ఆడిపిల్ల కాళ్లు ఇరిగితే?" అని రోజూ అంటుంది. ఆమె కడుపులో ఏముందో?

తాత అంతటితో ఆగలేదు. ఊడిన నట్టు పారేసి, ప్యాకెట్‌లో మిగిలిన కొత్త నట్లలో ఒకటి తీసి పెట్టాడు. మిగతా ఏడింటినీ మళ్లీ బిగించాడు. బోర్డును మెట్ల కమ్మీకి గొలుసుతో కట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తను మెట్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

తాతకు కాపలా తెలుసు. నాకు వల తెలుసు. గోళ్లరంగు తీసుకుని, ఒక్కో నట్టు మీద నుంచి దాని కింద ట్రక్కు ఇనుము మీదికి సన్నగా ఒక గీత గీశాను. వంకాయరంగు. ఎవరైనా నట్టును కాస్త తిప్పినా గీత రెండు ముక్కలై పక్కకు జరుగుతుంది. అనుమానం రాకుండా ట్రక్కుల చుట్టూ, చెక్క అంచున పువ్వులు కూడా వేశాను.

తాత కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. "దీనికి గూడ సోకులా? నీ గోళ్లకు చాలలేదా?"

"అందంగ ఉంటదని తాతా. నువ్వు మాత్రం ముట్టకు, ఇంకా ఆరలే."

"నేను ముడితే ఊడుతదానే?"

శనివారం నాకు ఒంటిపూట డ్యూటీ. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి తాత కుర్చీలో తల వెనక్కి వాల్చి కునుకు తీస్తున్నాడు. గొలుసు గొలుసులాగే ఉంది, తాళం తాళంలాగే ఉంది. మోకాళ్ల మీద కూర్చుని బోర్డు కిందికి తొంగిచూశాను.

ఒక్క గీత కూడా నిటారుగా లేదు. నట్ల మీది ముక్కలు ఒక దిక్కు, ఇనుము మీది ముక్కలు ఇంకో దిక్కు. ఎనిమిదీ అంతే.

తాళం తీయకుండానే ఎవరో చేయి పెట్టారు. లోహిత్ పొద్దున్నే కేక వేసి దిగిపోయాడు, అతను దిగుతుంటే తాత కళ్లార్పకుండా చూశాడు. నాయనమ్మ ఈ మోకాళ్లతో వంగలేదు. నేను వచ్చేసరికి వీధి గేటు గడియ వేసే ఉంది. మరి ఎవరు?

అప్పుడు కుర్చీ కింద తాత పానాల సంచీ కనబడింది. పైనే గుడ్డ ఉంది, నూనె మరకలతో. గుడ్డ మీద వంకాయరంగు చారలు. గొట్టంలాంటి పానా తీసి లోపలికి చూశాను. అంచుల వెంట వంకాయరంగు పొట్టు.

వంటింట్లోకి పరిగెత్తాను. "నాయనమ్మా, నేను డ్యూటీకి పోయినంక తాత ఏం చేస్తడు?"

నాయనమ్మ చింతపండు పిసుకుతూనే ఉంది. "ఏం చేస్తడు? డిపో డ్యూటీ. నువ్వు గేటు దాటంగనే ఆ నట్లు ఇప్పుతడు. తుడుస్తడు. ఎండకు పెట్టి చూస్తడు. నూనె పోస్తడు. మల్ల బిగిస్తడు. దినాం గదే. నీకెర్క లేదా?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఆయన దినాం పండ్లు తోముకుంటడు. అది గూడ చెప్పాల్నా?"

అప్పుడు నాకు అర్థమైంది. ఇనుప నట్టును ఎన్నిసార్లు విప్పినా దానికేం కాదు. నైలాన్ ఉంగరం అలా కాదు. విప్పిన ప్రతిసారీ కొంచెం కొంచెం అరిగి, బోల్టును పట్టుకునే బలం పోగొట్టుకుంటుంది. పైనుంచి నూనె. ఇంట్లో ఉన్నన్నాళ్లూ బిగుతుగానే కనబడుతుంది, రోడ్డు మీద అదురు తగలగానే దిగిపోతుంది. తాత పట్టుకోవాలనుకున్న దొంగ తాత చేతిలోనే ఉన్నాడు.

తెలిసిన వెంటనే పొట్టచెక్కలయ్యేలా నవ్వాలనిపించింది. ఆ తర్వాత కుర్చీలో నిద్రపోతున్న మనిషిని చూస్తే నవ్వు రాలేదు. నోరు కొంచెం తెరిచి ఉంది. నిద్రలో కూడా ఒక చేయి మొలతాడు తాళంచెవి మీదే ఉంది. ఈయనకు ఈ మాట ఎలా చెప్పాలి? చెప్పకపోతే రేపు పొద్దున వాలు మీద నట్టు మళ్లీ ఊడుతుంది, నా బ్యాచ్ పోతుంది, ఆయన సామెత కూడా పోతుంది.

తాత లేచి చాయ్ తాగాక తాళం తీయించాను. బోర్డు నుంచి ఒక బోల్టు, దాని నట్టు విడదీశాను. ప్యాకెట్‌లోంచి ఒక కొత్త నట్టు తీసి, ఇంకో బోల్టు మొదట్లో పెట్టాను. రెండూ తాత చేతుల్లో పెట్టాను.

"ఏది మంచిదో చెప్పు తాతా."

"ఎందుకడుగుతున్నవ్?"

"ఊకనే."

"ఊకనే ఎవరూ అడగరు." అయినా తిప్పాడు. కొత్త నట్టు వేలితో నాలుగు చుట్లు తిరిగి, బోల్టు కొస ఉంగరానికి తగలగానే ఆగింది. ఇక పానా ఉంటేనే కదులుతుంది. రెండోది వేలు తగలగానే గిర్రున బోల్టు తల దాకా పోయి, వెనక్కి తిప్పితే అంతే గిర్రున వచ్చి ఒళ్లో పడింది.

తాత కళ్లు మెరిశాయి. "దొరికిండు! పాత నట్లు అంటగట్టిండు శివశంకర్! నేను చెప్పలే?"

"రెండూ ఒక్క ప్యాకెట్‌లయే తాతా. ఒకటి నువ్వు దినాం చూసినవ్. ఒకటి చూడలే."

తాత నట్టును ఒళ్లోంచి తీశాడు. వెలుతురుకు పెట్టి ఒక కన్ను మూసి చూశాడు. ఉంగరం అంచు తెల్లగా పీచులు పీచులుగా లేచి ఉంది. పానాలోని వంకాయరంగు పొట్టు కూడా చూపించాను. ఆయన చాలాసేపు ఆ నట్టును బోల్టుకు ఎక్కించడం, వదలడం, మళ్లీ ఎక్కించడం. ప్రతిసారీ అది అడ్డు లేకుండా పోయింది.

"ఇనుముదైతే గిట్ల అయ్యేదా?" అన్నాడు చివరికి.

"కాకపోయేది తాతా."

"డిపోల ఎన్ని ఇప్పిన. ఒక్కటి గూడ అలగలే."

నాయనమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "నా లెక్కనే ఉన్నది ఆ నట్టు. ఒక్కసారి ఏసిన కూర మంచిగున్నదా లేదా అని నాలుగుమాట్ల వాసన చూస్తే నాకు గూడ ఒళ్లు మండుతది."

తాత ఆమె వైపు కోపంగా చూశాడు గానీ అందులో బలం లేదు. లేచి, సంచీ దగ్గరికి లాక్కుని, మిగతా పాత నట్లన్నీ విప్పాడు. కొత్తవి ఎనిమిది అందించమన్నాడు. ప్యాకెట్‌లో అన్ని లేకపోతే నేను శివశంకర్ దగ్గరికి పరిగెత్తి తెచ్చాను. తాత బోల్టులకు అంటిన నూనె చుక్క మిగలకుండా తుడిచాడు. ఎదురు మూలలు చూసుకుంటూ, కొంచెం కొంచెంగా, మొదటిరోజులాగే బిగించాడు. అయ్యాక చేయి చాపాడు.

"ఆ సోకుల సీసా ఇటియ్యి."

గీతలు ఆయనే గీశాడు. ఒక్క గీత కూడా వంకర పోలేదు. "ఇగ చూసుడు కండ్లతోనే" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. పానాల సంచీ తీసుకెళ్లి నాయనమ్మ బీరువాలో పెట్టించి, తాళంచెవి ఆమెనే ఉంచుకోమన్నాడు. తన మీద తనకు నమ్మకం లేదు మరి.

ఆ సాయంత్రం లోహిత్ పైనుంచి "దిగుతున్నానండీ!" అన్నాడు. తాత మెట్ల దగ్గరికి వెళ్లాడు.

"బాబూ, ఇగ కేకేయకు."

"పర్లేదండి, అలవాటైపోయిందండి."

తాత తల గీక్కున్నాడు. "నీ నీళ్ల మోటరు సప్పుడు చేస్తున్నది. రేపు చూస్త." అంతకంటే పెద్ద క్షమాపణ ఆయన నోటి వెంట రావడం మా ఇంట్లో ఎవరూ వినలేదు. లోహిత్‌కు అది క్షమాపణ అని తెలియనే లేదు. "థాంక్స్ అండి, మోటార్ బానే ఉందండి" అన్నాడు. తాత నా వైపు చూశాడు. బాగుందంటున్నాడంటే ఏమిటో అన్న అనుమానం ఆయన కళ్లలో లేచి, అంతలోనే అణిగింది.

ఆదివారం తాత నాతో వస్తానన్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు. అపార్ట్‌మెంట్ లోపలి రోడ్డు అంచున తల్లిదండ్రుల పక్కన నిలబడి, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టి, ఒక చేత్తో ఇంకో చేయి మణికట్టును పట్టుకున్నాడు. పోయిన వారం నట్టు ఎత్తి చూపించినాయన ఆయన పక్కనే ఉన్నాడు.

రోహిణి మేడం నా బోర్డు తిరగేసింది. జేబులోంచి పానా తీసి నట్టు మీద పెట్టబోయింది.

"ముట్టకు!"

రోడ్డంతా మా తాత వైపు తిరిగింది.

"ముట్టకమ్మా, జర. చూడు, అంతే. గీత సీదా ఉన్నదా? ఉంటే నట్టు ఉన్నట్టే. మాటిమాటికి చెయ్యి పెడితే అది పాడైతది. నాకెర్కనే." ఆఖరి మాట మెల్లగా అన్నాడు.

రోహిణి మేడం నన్ను చూసింది. నేను ఆకాశం చూశాను. ఆవిడ వంగి ఒక్కో గీతా చూసింది. బోర్డును చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. తర్వాత నాకిచ్చి, "ఒక రౌండ్ వేసి రా" అంది. వాలు మీదుగా పోయి, మలుపు తీసుకుని, పోయినసారి పడిన గడ్డి పక్కనుంచే వచ్చాను. కాళ్ల కింద చక్రాల శబ్దం తప్ప ఏమీ వినబడలేదు. ఆవిడ మళ్లీ గీతలు చూసింది. అన్నీ నిటారుగా ఉన్నాయి.

"చిన్న బ్యాచ్ అటువైపు నిలబడండి. వర్షితక్క దగ్గర" అని పిల్లలకు చెప్పింది.

పిల్లలను వరసలో నిలబెడుతూ వెనక్కి చూస్తే తాత తన చోట లేడు. వరస చివర ఒక పిల్లవాడి బోర్డు ముందు వంగి ఉన్నాడు. చేతులు వీపు వెనకే ఉన్నాయి. మణికట్టును పట్టుకున్న చేయి తెల్లగా అయ్యేంత గట్టిగా పట్టుకుంది.

"ఎవరు బిగించిన్రు దీన్ని?"

"మా డాడీ" అన్నాడు పిల్లవాడు భయంగా.

"దినాం ఇప్పి చూస్తడా?"

"లేదు తాతా. ఒక్కసారి పెట్టాడు, అంతే. తర్వాత చూడనే లేదు."

తాత నిటారుగా లేచి, అంచున ఉన్న పెద్దవాళ్లలో ఆ డాడీ ఎవరో వెతికాడు. పోయిన వారం నట్టు ఎత్తి చూపించినాయనే చేయి ఊపాడు. తాత ఆయన్ని పై నుంచి కింది దాకా ఒకసారి చూశాడు.

"అయితే మంచోడే" అన్నాడు.